గరుడసేవ మర్నాడు పొద్దున పోతే ఏం కనపడుతుంది?

తిరుపతి

చి. సుధకు ఆశీస్సులు.

'కోడి కణాలకు పాలీ ఐసీ ఇచ్చి 24 గంటలకు చూశాను, ఇంటర్‌ఫెరాన్ బీటా పెరగనే లేదు పెదనాన్నా' అని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి నవ్వొచ్చింది. పాలీ ఐసీ వైరస్ ఆర్‌ఎన్‌ఏలా నటిస్తుంది, దాన్ని పసిగట్టి కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ చేస్తుంది, అంతవరకూ సరే. కానీ చూసిన సమయమే తప్పు, నేనూ అలాగే చేశాను. మూడు నెలలు ప్రైమర్లను (కొలవాల్సిన జీన్‌ను పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) తిట్టుకున్నాను. గరుడసేవ చూద్దామని మర్నాడు పొద్దున మాడవీధికి పోయినట్టు! ఆ జీన్ కొన్ని గంటల్లోనే ఎగసి, దిగిపోతుంది. బయటికొచ్చిన ఇంటర్‌ఫెరాన్ పక్క కణాలను తట్టి లేపాక ఎంఎక్స్, ఐఎఫ్‌ఐటీ5 లాంటి వైరస్‌ను అడ్డుకునే జీన్‌లు పైకొస్తాయి, అవి ఇంకాసేపు నిలబడతాయి. అందుకే 0, 3, 6, 12, 24 గంటలకు శాంపిల్ తియ్యి. శాంపిల్ తీసే ఆ ప్రతి సమయానికీ పాలీ ఐసీ వెయ్యని కణాలు పక్కన ఉండాలి.

ఇంకోటి. పాలీ ఐసీ మీడియంలో ఊరికే కలిపావా, ట్రాన్స్‌ఫెక్ట్ చేశావా, అంటే కణం లోపలికి పంపావా? కలిపితే ముఖ్యంగా టీఎల్‌ఆర్3 అనే గ్రాహకం పసిగడుతుంది, లోపలికి పంపితే ఎండీఏ5 అనే ఇంకో గ్రాహకం. రెండూ ఒకటనుకుంటే నీ గ్రాఫ్‌కి అర్థం ఉండదు.

మనుషుల కణాల మీద వచ్చిన పేపర్లలోని సంకేత మార్గం బొమ్మ గోడకు అంటించుకుని కూర్చోకు. అందులో రిగ్-ఐ (వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టేది), ఐఆర్‌ఎఫ్3 (ఇంటర్‌ఫెరాన్ జీన్‌ను లేపేది) ఉంటాయి. కోడికి ఆ రెండూ లేవు. బాతుకు రిగ్-ఐ ఉంది, చూడు విచిత్రం! కోడిలో ఆ భారం ఎండీఏ5, ఐఆర్‌ఎఫ్7 మీద పడింది, జీన్‌లను లేపే ఇంకో ప్రోటీన్ ఎన్‌ఎఫ్-కప్పా-బీ ఎటూ ఉంటుంది. మనిషి ఇంటర్‌ఫెరాన్ పోసి కోడి కణం పలకలేదని ఏడవకు, కోడిదే కొనాలి. అసలు ఇంటర్‌ఫెరాన్ అన్న మాట పుట్టిందే కోడి గుడ్డు పొరలోంచి: 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఆ పొర ముక్కల మీద వేడికి చచ్చిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వేసి కనిపెట్టారు.

క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత పలికిందో కొలిచే పరీక్షలో) పోలికకు జీఏపీడీహెచ్ జీన్ ఒక్కదాన్నే నమ్మకు. వైరస్ వేసినప్పుడు అదీ కదలొచ్చు. ముందు రెండు మూడు రిఫరెన్స్ జీన్‌లు పరీక్షించి, కదలనిదాన్ని పట్టుకో.

ల్యాబ్‌లో పెంచే డీఎఫ్-1 కోడి కణాలు పిండ ఫైబ్రోబ్లాస్ట్‌లు (బంధన కణజాల కణాలు), మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రక్షక కణాలు) కావు. కొక్కెర తెగులు వైరస్‌కు కోడి మొత్తం ఎలా స్పందిస్తుందో వాటితో చెప్పేయకు. ఇది మీ గైడ్‌కి నచ్చకపోవచ్చు, అయినా చెప్పు.

సోమవారం పొద్దున ఆరింటికే ప్లేట్ మొదలుపెడితే పన్నెండో గంట శాంపిల్ సాయంత్రం ఆరుకే అయిపోతుంది, హాస్టల్ మెస్‌కి అందుకుంటావు. 0 గంట ట్యూబ్ మర్చిపోకు.

పెదనాన్న