ప్లగ్గు గీకించడం ఇక చాలు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినబడింది. ఒకపక్క ట్రాఫిక్ మోత, ఇంకోపక్క మీ అమ్మ కేకలు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది: పొద్దున సెల్ఫ్ నాలుగైదుసార్లు నొక్కితే గాని బండి అందుకోవట్లేదు, జూబ్లీహిల్స్ ఎక్కేటప్పుడు దగ్గుతోంది, మెకానిక్ ప్లగ్గు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించి పెట్రోల్‌ని అంటించేది) తీసి గీకి పెడితే వారం రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. నోటితో చెబితే నువ్వు "ఊ, ఊ" అని మర్చిపోతావు కాబట్టి రాసి పంపిస్తున్నా.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నేను ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో బస్సుల కింద పడుకున్నవాణ్ని. డీజిల్ ఇంజన్‌కి అసలు స్పార్క్ ప్లగ్గే ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంటే ప్లగ్గుల విద్య నాకు ఉద్యోగం నేర్పలేదు. సొంత స్కూటర్లు నడిరోడ్డు మీద నిలబెట్టి నేర్పాయి.

మీ నాన్నని అడుగు, నాంపల్లి స్టేషన్ కథ చెబుతాడు. అప్పుడు మన ఇంట్లో రెండు స్ట్రోకుల స్కూటర్. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. లీటరుకి 20 మిల్లీలీటర్లు చాలు. నేనేమో ఇంజన్‌కి మంచిదని ఇంకాస్త ఒంపేవాణ్ని. ఆ ఎక్కువ ఆయిల్ మసిగా మారి ప్లగ్గు కొసల మధ్య పేరుకునేది. మీ నాన్న ఒళ్లో ట్రంకు పెట్టె, రైలుకి ఇరవై నిమిషాలు, మొజంజాహీ మార్కెట్ దగ్గర బండి ఠపీమని ఆగింది. డిక్కీలో ఎప్పుడూ గుడ్డలో చుట్టి ఉండే స్పేర్ ప్లగ్గు ఆ రోజే లేదు. వేళ్లు కాల్చుకుంటూ ప్లగ్గు విప్పి, బ్లేడుతో మసి గీకి, ఉప్పు కాగితంతో రుద్ది పెట్టా. రైలు కదులుతుండగా మీ నాన్న ఎక్కాడు. తప్పు బండిది కాదు, నా చేతిది. కానీ ఆ రోజు నుంచి ప్లగ్గు గీకడం నాకు ఒక గొప్ప విద్యలా అయిపోయింది. వీధిలో అందరివీ గీకి పెట్టేవాణ్ని. మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటర్ ఒకటి ఎదురింట్లో ఉండేది, దాని ప్లగ్గుకి కూడా ప్రతి ఆదివారం నా చేతిలోనే అభ్యంగన స్నానం.

ఇప్పుడు నీకు చెప్పేది దానికి సరిగ్గా తిరగబడిన మాట. నీ బండి ప్లగ్గు గీకించకు, మార్పించు.

కారణం చెబుతా. మా కాలంలో ప్లగ్గు అరిగేదానికన్నా ముందు మసి పట్టి చచ్చేది. మసి తీస్తే లోపలి లోహం ఇంకా బాగానే ఉండేది కాబట్టి గీకితే పని జరిగేది. నీది నాలుగు స్ట్రోకుల ఇంజన్. పెట్రోల్లో ఆయిల్ కలవదు, మసి తక్కువ. దాని ప్లగ్గు మెల్లిగా అరిగి ముసలిదవుతుంది. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే 2,500 సార్లు మంట అంటుకోవాలి. స్పార్క్ (నిప్పురవ్వ) దూకిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్ (ప్లగ్గు చివరి లోహపు ముక్క) కొస నుంచి కంటికి కనబడనంత లోహం ఎగిరిపోతుంది. పదునుగా ఉన్న అంచులు గుండ్రంగా అవుతాయి, రెండు కొసల మధ్య గ్యాప్ పెరుగుతుంది. స్పార్క్‌కి పదునైన అంచు నుంచి దూకడం తేలిక, గుండ్రటి అంచు నుంచి కష్టం. గ్యాప్ పెరిగితే, ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. ఉప్పు కాగితంతో రుద్దితే మసి పోతుందేమో గాని, అరిగిన లోహం తిరిగి రాదు కదా. పైగా ఆ గరుకు పొడి పింగాణీ సందుల్లో ఇరుక్కుంటే అదొక కొత్త తలనొప్పి.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు దగ్గుతోందని అడిగావు. మంచి ప్రశ్న. చదునైన రోడ్డు మీద నువ్వు థ్రాటిల్ కొంచెమే తిప్పుతావు. ఎత్తు వచ్చినప్పుడు, వెనక మనిషి కూర్చున్నప్పుడు గట్టిగా తిప్పుతావు. అప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి, పెట్రోల్ పోయి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన చోట స్పార్క్ దూకడం ఇంకా కష్టం. ముసలి ప్లగ్గు చదునైన బేగంపేటలో దాచుకున్న జబ్బుని జూబ్లీహిల్స్‌లో బయటపెడుతుంది. మెకానిక్‌లు దీన్నే మిస్సింగ్ కొడుతోంది అంటారు. పొద్దున స్టార్టింగ్ కష్టం, మైలేజీ తగ్గడం, పికప్ చావడం, అన్నీ దీని చుట్టాలే. ఇవే లక్షణాలు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా వస్తాయి, బ్యాటరీ నీరసించినా సెల్ఫ్ మొరాయిస్తుంది. అయితే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో తేలిపోయేది ప్లగ్గే కాబట్టి అక్కడ మొదలుపెట్టమంటున్నా.

మరి ఎప్పుడు మార్చాలి? మామూలు నికెల్ ప్లగ్గుకి చాలా స్కూటర్ల మాన్యువల్‌లో 8,000 నుంచి 12,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె ఉంటుంది. నీ బండితో వచ్చిన పుస్తకం ఇంకా ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంటుంది, తీసి చూడు. అందులో ఏముంటే అదే నీకు వేదం, నా మాట కాదు. ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఉప్పల్ నుంచి మాదాపూర్ పోను రాను 50 కిలోమీటర్లు. నెలకి 22 రోజులు ఆఫీసు అనుకుంటే 1,100. అంటే 11 నెలలకే 12,000 దాటేస్తావు. నువ్వు బండి కొని రెండున్నరేళ్లు. ఇంతవరకు ఒక్క ప్లగ్గూ మార్చలేదని నిన్న చాలా గర్వంగా చెప్పావు! (మెట్రో ఇంటి ముందే ఉంది, అందులో పొమ్మంటే వినవు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.)

మీటర్ చూపించని అరుగుదల ఇంకోటి ఉంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, చెక్‌పోస్ట్ దగ్గర బండి నిలబడే ఉంటుంది, కిలోమీటర్లు కదలవు, ప్లగ్గు మాత్రం కొడుతూనే ఉంటుంది. అందుకే మన ఊరి ట్రాఫిక్‌లో తిరిగే బండికి, పుస్తకంలో 12,000 అని ఉన్నా నేనైతే 10,000 దగ్గరే మార్చేస్తా. మామూలు ప్లగ్గు రెండొందల లోపే వస్తుంది. మీరు ఆఫీసు పక్కన తాగే ఒక కాఫీ ఖరీదు.

ఇరీడియం (కొస ఆ గట్టి లోహంతో చేసిన) ప్లగ్గు వేయమని మీ ఆఫీసులో ఎవరో చెప్పారన్నావు. అది మూడు నాలుగు రెట్లు ఖరీదు, ఎక్కువ కాలం వస్తుంది, అది నిజం. పికప్ పెరిగి బండి ఎగురుతుందన్నది మాత్రం ఉత్త మాట. అరిగిన ప్లగ్గు తీసి కొత్తది ఏది పెట్టినా ఆ తేడా తెలుస్తుంది. నా ఓటు మామూలు దానికే. ఏడాదికోసారి విప్పితే ఇంజన్ లోపలి సంగతి కూడా కనబడుతుంది.

ఎందుకంటే తీసిన ప్లగ్గు డాక్టర్ చూసే నాలుక లాంటిది. కొస లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడమను. జిడ్డుగా, తడిగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది, అది ఆయిల్‌ని పైకి రాకుండా ఆపే రింగుల సంగతో వాల్వ్ సీళ్ల సంగతో. అప్పుడు కొత్త ప్లగ్గు కూడా నెల తిరక్కుండా అలాగే తయారవుతుంది. తెల్లగా, కాలి పొక్కులు లేచినట్టుంటే మరీ వేడెక్కుతోందని. అందుకే మెకానిక్ పాత ప్లగ్గు డబ్బాలోకి విసిరేలోపు చేయి చాపి అడుగు. సిగ్గుపడకు.

కొనేటప్పుడు ప్లగ్గు మీది నంబర్ పుస్తకంలోని నంబర్‌తో అక్షరం అక్షరం కలవాలి. "ఇది కూడా అదే మేడం, పడుతుంది" అంటే తీసుకోవద్దు. మర పట్టినా లోపలికి దిగే పొడవు తేడా ఉండొచ్చు, వేడిని తట్టుకునే రకం తేడా ఉండొచ్చు. నంబర్‌లో ఆర్ అనే అక్షరం ఉంటే అది రెసిస్టర్ ప్లగ్గు, అంటే స్పార్క్ వల్ల పుట్టే విద్యుత్ గోలని అణిచేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో చిన్న కంప్యూటర్ ఉంటుంది, రెసిస్టర్ లేని ప్లగ్గు దాన్ని తికమక పెట్టగలదు. కంపెనీ షోరూమ్ కౌంటర్‌లో కొను, లేదా రాణీగంజ్‌లో నాకు తెలిసిన దుకాణానికి నేనే తీసుకెళ్తా. ఫుట్‌పాత్ మీద సగం ధరకి దొరికేది వద్దు.

గ్యాప్ సంగతి. మేము హ్యాక్సా బ్లేడు ముక్క దూర్చి చూసేవాళ్లం, దాని మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు, పాత బళ్లకి అది సరిపోయేది. ఇప్పటి చాలా స్కూటర్లకి 0.8 నుంచి 0.9 ఉండాలి. ఎవరైనా అలవాటు కొద్దీ బ్లేడు పెట్టి గ్యాప్ నొక్కుతుంటే ఆపు. కొత్త ప్లగ్గుకి గ్యాప్ ఫ్యాక్టరీలోనే పెట్టి వస్తుంది, కింద పడకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన భయం. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పనివ్వకు. ప్లగ్గు బిగించే ఇంజన్ హెడ్డు అల్యూమినియంది, మరలు మెత్తన. మా పక్కింటాయన బండికి ఒక కుర్రాడు తొందరలో వేడి మీద విప్పి, కొత్తది వంకరగా పెట్టి పానాతో బిగించేశాడు. మర మొత్తం పోయింది. వంద రూపాయల పని లేత్ షాపు దాకా వెళ్లి నాలుగు రోజులు, వేల రూపాయలు అయింది. కొత్త ప్లగ్గు ముందు వేళ్లతోనే చివరిదాకా తిరగాలి. వేళ్లకి తిరగలేదంటే వంకరగా పోతోందని, వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. వాషర్ తగిలాక పానాతో ఇంకో అర చుట్టు, అంతే. బలం చూపించే చోటు కాదది.

మరొకటి, ప్లగ్గు బయటికి తీసి బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూడ్డం మా కాలపు సరదా. పెట్రోల్‌ని ఇంజెక్టర్‌తో చిమ్మే నీ ఇంజెక్షన్ బండికి అది వద్దు. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి బయటికి వస్తుంది, పక్కనే నిప్పురవ్వ. మిస్సింగ్‌తో నెలల తరబడి తిప్పడం కూడా మంచిది కాదు, మండని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. దాని ధర వింటే మీ నాన్న మళ్లీ రైలెక్కేస్తాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా రా. వచ్చాక ఓ గంట ఇంజన్ చల్లారనిద్దాం, ఈలోపు మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది. 16 సైజు ప్లగ్ పానా నా దగ్గరుంది. విప్పేముందు చుట్టూ దుమ్ము ఊదడానికి మన పాత సైకిల్ పంపు చాలు. క్యాప్‌ని వైరు పట్టుకుని లాగకుండా ఎలా తీయాలో చూపిస్తా, మిగతాదంతా నీ చేతులతోనే చెయ్యాలి. పుస్తకం మర్చిపోకు, ప్లాస్టిక్ కవర్‌తో సహా.

మీ పెదనాన్న