మ్యాచ్‌కి వెళ్ళడం దండగా? మాంచెస్టర్ నుంచి ఒక నాన్న అడిగిన లెక్క

ఈ వారం ప్రశ్న మాంచెస్టర్ దగ్గర్లో ఉండే ఒక బ్రదర్ పంపించారు, పేరు వెయ్యొద్దన్నారు. కొంచెం పెద్ద ఉత్తరం, కుదించి పెడుతున్నా.

"సార్, నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇక్కడ ఐటీ జాబ్ చేస్తున్నా, చేతికి నెలకి 3,200 పౌండ్లు వస్తాయి. మా వాడికి 8 ఏళ్ళు, ఇద్దరికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్‌లో ఇద్దరికీ మెంబర్‌షిప్ ఉంది (అంటే టికెట్లు కొనుక్కునే అవకాశం). పోయిన సీజన్ 9 మ్యాచ్‌లకి టికెట్లు దొరికాయి, డెర్బీకి (దగ్గర్లోని ప్రత్యర్థి క్లబ్‌తో మ్యాచ్‌కి) దొరక్కపోతే బయట రీసేల్ సైట్‌లో రెండు టికెట్లు 250 పెట్టి కొన్నా. మొత్తం 1,700 దాకా అయ్యింది. మా ఆవిడేమో ఇంట్లో టీవీలో వస్తుంది కదా, సోఫాలో కూర్చుని చూడండి, ఆ డబ్బులు ఇంటి డిపాజిట్‌కి వేద్దాం అంటోంది. మ్యాచ్‌లకి వెళ్ళడం నిజంగా వేల్యూ ఫర్ మనీనా? మానేయమంటారా?"

మానొద్దు బ్రదర్. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే 8 ఏళ్ళ పిల్లాడు నాన్న పక్కన కూర్చుని గోల్‌కి ఎగిరి గంతేసే వయసు మళ్ళీ రాదు, ఇంకో ఆరేడేళ్ళు పోతే వాడు ఫ్రెండ్స్‌తోనే వెళ్తానంటాడు. కానీ మీరు డబ్బు పెడుతున్న పద్ధతి మాత్రం మార్చాలి, అందులో మీ ఆవిడ చెప్పింది సగం కరెక్ట్. ఆవిడ లెక్కలో కూడా ఒక పెద్ద ఐటమ్ మిస్ అయ్యింది, అదీ చెప్తా.

మీరు పంపిన బిల్లులన్నీ వరసగా రాసుకున్నా. ఒక్క మ్యాచ్‌కి మీ టికెట్ 70, బాబుది 30, ట్రైన్ ఇద్దరికీ 28, లోపల బర్గర్, చిప్స్, హాట్ చాక్లెట్ కలిపి 22, ప్రోగ్రామ్ బుక్ 5. అంటే 155. టికెట్ వంద అనే మనం గుర్తుపెట్టుకుంటాం, మిగతా 55 ఫోన్ ట్యాప్ చేసి కట్టేస్తాం కాబట్టి లెక్కలోకే రాదు. 9 మ్యాచ్‌లకి 1,395, డెర్బీ రోజు టికెట్లు, ట్రైన్, తిండి కలిపి 305, మెంబర్‌షిప్‌లు 55. మొత్తం 1,755. ఇక్కడితో ఆగితే బానే ఉండేది. మీ టీవీ స్పోర్ట్స్ ప్యాక్ నెలకి 62, ఏడాదికి 744! జెర్సీలు రెండు 150. అన్నీ కలిపితే 2,650 పౌండ్ల దాకా తేలింది, మీ చేతికొచ్చే ఏడాది జీతంలో దాదాపు 7 శాతం. మీ ఆవిడ ఫ్రీ అనుకుంటున్న సోఫా ఖరీదు 744 పౌండ్లు, స్టేడియం ఖర్చులో నలభై శాతం పైనే. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ముందు ఈ నంబర్ చూడండి.

ఇంకోటి, ఆ టీవీలో అన్నీ వస్తాయా అంటే రావు. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ లైవ్ చూపించకూడదనే రూల్ ఎప్పటినుంచో ఉంది, కింది డివిజన్ గ్రౌండ్లకి జనం రావడం తగ్గకూడదని పెట్టుకున్నది. 2025-26 నుంచి మొదలైన కొత్త నాలుగేళ్ళ డీల్‌లో స్పోర్ట్స్ ఛానెళ్ళు స్కై కనీసం 215 మ్యాచ్‌లు, టీఎన్‌టీ 52 చూపిస్తాయి, సీజన్‌లో మొత్తం మ్యాచ్‌లు 380. అంటే శనివారం మూడింటి మ్యాచ్ హైదరాబాద్‌లో మీ తమ్ముడు ఫోన్‌లో చూస్తాడు, గ్రౌండ్‌కి అరగంట దూరంలో ఉన్న మీరు చూడలేరు. ఇంత డబ్బు కట్టి కూడా.

ఇప్పుడు రేట్ల సంగతి, ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగి 97 మంది పోయారు కదా, దాని మీద విచారణ చేసిన జడ్జి లార్డ్ జస్టిస్ టేలర్ 1990లో ఇచ్చిన ఫైనల్ రిపోర్ట్ వల్లే పెద్ద స్టేడియాలన్నీ పూర్తిగా కుర్చీలకి మారాయి. కుర్చీలు వేశామని రేట్లు పెంచక్కర్లేదని చెప్తూ ఆయన గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియాన్ని చూపించారు, అప్పుడక్కడ కుర్చీకి 6 పౌండ్లు, నిలబడితే 4. ఆ 6 పౌండ్లని ఇప్పటి ధరల్లోకి తెచ్చుకున్నా 20 దాటదు. ఇప్పుడు చూడండి, 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మెంబర్ల టికెట్ 66 పౌండ్లు చేసింది, పిల్లలకీ పెన్షనర్లకీ కూడా తగ్గింపు లేకుండా. ఫ్యాన్స్ గొడవ చేశారు, చెయ్యాలి కూడా. ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ఆదాయంలో మ్యాచ్ రోజు డబ్బులు దాదాపు ఏడో వంతే, ఎక్కువ భాగం టీవీ నుంచీ స్పాన్సర్ల నుంచీ వస్తుంది. పిల్లాడి టికెట్ మీద ఇంకో ఇరవై గుంజితే క్లబ్బుకి పెద్దగా ఒరిగేదేం లేదు, మీ ఇంటికి మాత్రం ఆ ఇరవై బరువే.

గొడవ చేస్తే పని జరుగుతుంది కూడా. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొత్త స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు అనగానే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేల మంది లేచి బయటికి వెళ్ళిపోయారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న టీమ్ చివరికి 2-2 డ్రా చేసుకుంది, నాలుగు రోజులకే ఓనర్లు సారీ చెప్పి ఆ రేటు వెనక్కి తీసుకున్నారు. బయటి ఊళ్ళో మ్యాచ్ చూడ్డానికి వెళ్ళే ఫ్యాన్స్‌కి టికెట్ 30 పౌండ్లు దాటకూడదని 2016-17 నుంచి క్యాప్ వచ్చింది, అదీ ఫ్యాన్స్ ఏళ్ళ తరబడి పోరాడి తెచ్చుకున్నదే. కాకపోతే ఆ బయటి ఊరి మ్యాచ్‌ల టికెట్లు లాయల్టీ పాయింట్లు ఉన్నవాళ్ళకి ముందు పోతాయి, మీలాంటి కొత్త మెంబర్‌కి పెద్ద మ్యాచ్‌లకి దొరకడం కష్టం, దాన్ని నమ్ముకుని ప్లాన్ వెయ్యొద్దు.

జర్మనీలో చవక కదా, డార్ట్‌మండ్ వెళ్ళి చూసొస్తే ఇక్కడ రెండు మ్యాచ్‌ల ఖర్చే అవుతుందని ఇంగ్లీష్ కొలీగ్స్ చెప్తుంటారు. నిజమే, అక్కడ ఎక్కువ క్లబ్బుల్లో సగం పైన ఓట్లు మెంబర్ల చేతిలో ఉండాలనే రూల్ ఉంది, నిలబడి చూసే స్టాండ్లు పెద్దవి, డార్ట్‌మండ్ సౌత్ స్టాండ్‌లో దాదాపు 25,000 మంది నిలబడతారు, రేట్లు తక్కువ. కానీ మన పాస్‌పోర్ట్‌కి షెంగెన్ వీసా కావాలి, పెద్దవాళ్ళకి 90 యూరోలు, మీ వాడి వయసుకి 45, పైన అపాయింట్‌మెంట్ తిప్పలు. వాళ్ళకి కలిసొచ్చే లెక్క మనకి కలిసిరాదు. సెలవులకి ఎలాగూ యూరప్ వెళ్తుంటే ఆ ట్రిప్‌లో ఒక మ్యాచ్ పెట్టుకోండి, దానికోసమే వెళ్ళొద్దు.

రీసేల్ సైట్ మాత్రం ఇక జన్మలో వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం, వేరే ఆటలకి లేని రూల్ ఇది. కొన్న మీ మీద కేసు రాకపోవచ్చు గానీ క్లబ్ ఆ టికెట్ క్యాన్సిల్ చేస్తే గేటు దగ్గర బాబుని పట్టుకుని నిలబడాల్సింది మీరే, డబ్బు వెనక్కి రాకపోవచ్చు, మెంబర్‌షిప్ కూడా పోవచ్చు. సీజన్ టికెట్ (హోమ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకే టికెట్) ఉన్నవాళ్ళు రాలేనప్పుడు సీటు వదిలే అఫీషియల్ ఎక్స్‌చేంజ్ చాలా క్లబ్బుల యాప్‌లోనే ఉంటుంది, మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందు పొద్దున్నా రాత్రీ చూస్తుండండి, సరైన రేటుకే దొరుకుతాయి.

మరి ఏం చెయ్యాలి? ఏడాదికి ఫుట్‌బాల్ మొత్తానికి 1,200 పౌండ్లు, అంటే నెలకి 100. దీనికి బ్యాంక్‌లో వేరే పాట్ (విడి ఖాతా) పెట్టండి, జీతం పడ్డ మర్నాడే స్టాండింగ్ ఆర్డర్‌తో (నెలనెలా దానంతటదే వెళ్ళేలా) అందులోకి వెళ్ళిపోవాలి, అది అయిపోతే ఆ సీజన్‌కి అంతే. అందులో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు నాలుగు, 620. మెంబర్‌షిప్‌లు 55. టీవీ కాంట్రాక్ట్ గడువు అయ్యాక తీసేసి, కావాల్సినప్పుడు ఒక రోజుకో ఒక నెలకో పాస్ కొనుక్కోండి, దానికి 200. మిగిలిన 325తో కింది డివిజన్ మ్యాచ్‌లు ఎనిమిది, ఒక్కోటి ఇద్దరికీ టికెట్లు, బస్సు, తిండి కలిపి 40 లోపే అవుతుంది.

ఈ ఎనిమిది మ్యాచ్‌ల గురించి మీరు పెదవి విరుస్తారని తెలుసు. ఒక్కసారి వెళ్ళి చూడండి బ్రదర్. మీ చుట్టుపక్కల ఉన్నంత ఫుట్‌బాల్ దేశంలో చాలా చోట్ల లేదు. స్టాక్‌పోర్ట్ కౌంటీ ఉంది, 2024లో ప్రమోట్ అయ్యి లీగ్ వన్‌కి, అంటే మూడో డివిజన్‌కి వచ్చింది. ఆల్ట్రింకమ్ ఉంది. మోస్టన్‌లో ఎఫ్‌సీ యునైటెడ్ ఉంది, 2005లో అమెరికా గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్ కొన్నదని కడుపు మండి ఫ్యాన్సే పెట్టుకున్న క్లబ్బు, ఒక్కో మెంబర్‌కి ఒక్క ఓటు. సిటీ, యునైటెడ్ మహిళల టీమ్‌లు ఆడే మ్యాచ్‌లకి కూడా టికెట్లు చాలా తక్కువ, అక్కడ ఆడేది దేశాల టీమ్‌లకి ఆడే ప్లేయర్లు.

నేను చూసిన నాన్‌లీగ్ (పై నాలుగు డివిజన్ల కింద ఆడే చిన్న క్లబ్బుల) గ్రౌండ్‌లో పిల్లలు గీతకి రెండు మీటర్ల దూరంలో రెయిలింగ్ మీద గడ్డం ఆనించి నిలబడతారు. గోల్‌కీపర్ డిఫెండర్ల మీద అరిచే అరుపు ప్రతి మాటా వినపడుతుంది, త్రో వేసేవాడి ఊపిరి కూడా. హాఫ్ టైమ్‌కి జనం పై అనే పేస్ట్రీ, గ్రేవీ చేతిలో పట్టుకుని గ్రౌండ్ చుట్టూ నడిచి తమ టీమ్ గోల్ కొట్టే వైపుకి మారిపోతారు, ఎందుకంటే సీటు నంబర్ అంటూ లేదు. మ్యాచ్ అయ్యాక సెంటర్ ఫార్వర్డ్ వచ్చి పిల్లల జెర్సీల మీద సంతకం పెట్టి, స్కూల్లో ఏ పొజిషన్ ఆడతావురా అన్నట్టు అడిగి వెళ్తాడు. పెద్ద స్టేడియంలో పై అంతస్తులో కూర్చున్న మీ వాడికి ఇది దొరకదు. పెద్ద స్టేడియంలో దొరికేది వేరే, 60,000 గొంతులు ఒక్కసారి లేవడం, అది కూడా వాడికి కావాలి, అందుకే నాలుగు ఉంచమన్నా. ఆ నాలుగూ డెర్బీలే అవ్వక్కర్లేదు. లీగ్ కప్, ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్లకి క్లబ్బులు రేటు తగ్గిస్తుంటాయి, పాయింట్ల టేబుల్‌లో కింద ఉన్న టీమ్‌లు వచ్చినప్పుడు కూడా కొన్ని చోట్ల తక్కువ రేటు క్యాటగిరీ ఉంటుంది. ట్రైన్ టికెట్ మాత్రం టీవీ వాళ్ళు మ్యాచ్ టైమ్ ఖరారు చేసేదాకా కొనొద్దు, శనివారం మ్యాచ్ సోమవారం రాత్రికి మారితే అడ్వాన్స్ టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వరు. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ లేకపోతే తీసుకోండి, మీ ఛార్జీలో మూడో వంతు, పిల్లల ఛార్జీలో 60 శాతం తగ్గుతుంది, ఎక్కువ తిరిగే ఇంటికి కొన్ని ప్రయాణాల్లోనే కార్డు ఖర్చు వచ్చేస్తుంది. సీజన్ టికెట్ సంగతి అడగలేదు గానీ ఎవరైనా ఇస్తామన్నా ఇప్పుడు వద్దు, 19 హోమ్ మ్యాచ్‌లకి మీ ఆన్‌కాల్ షిఫ్టులతో వెళ్ళలేరు, కనీసం ఇన్నిటికి రావాలనే షరతు పెడుతున్న క్లబ్బులున్నాయి.

ఇలా చేస్తే ఏడాదికి 1,450 పౌండ్లు మిగులుతాయి, ఇది మీ ఆవిడ వాటా, ఇందులో వేలు పెట్టొద్దు. ముందు వీసా ఫండ్ చూసుకోండి. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్ పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035, పిల్లలకి 776, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఫీజు ఒక్కొక్కరికి 3,000 దాటింది, మీరు ముగ్గురు. దానికి సరిపడా పక్కన ఉంటే అప్పుడు ఈ 1,450 లైఫ్‌టైమ్ ఐసాలో (మొదటి ఇంటికో రిటైర్మెంట్‌కో దాచుకునే సేవింగ్స్ ఖాతాలో) వెయ్యండి, 40 నిండకపోతే తెరవొచ్చు, ఏడాదికి 4,000 దాకా వేసిన దాని మీద గవర్నమెంట్ 25 శాతం బోనస్ ఇస్తుంది, మీకు 360 పౌండ్ల దాకా వస్తుంది. మొదటి ఇల్లు కొనడానికి, లేదా 60 ఏళ్ళ తర్వాత తప్ప వేరే దేనికి తీసినా మామూలుగా 25 శాతం కోత పడుతుంది, అందుకే వీసా డబ్బు ఇందులో కలపొద్దు. ఇంకో మెలిక, మొదటి ఇల్లు అంటే ప్రపంచంలో ఎక్కడా మీ పేరు మీద ఇల్లు ఉండకూడదు. మియాపూర్‌లోనో విజయవాడలోనో నాన్నగారు మీ పేరు మీద ఫ్లాట్ రాసి ఉంటే మీకు ఇది వర్తించదు, అప్పుడు మీ ఆవిడ పేరు మీద ఏమీ లేకపోతే ఆవిడ పేరున తెరవండి. ఈ విషయం తెలియక మనవాళ్ళు చాలామంది ఇరుక్కుంటున్నారు.

చివరిగా, 155 పౌండ్లని రూపాయల్లోకి మార్చి బాధపడటం ఆపండి, మీరు సంపాదించేదీ ఖర్చు పెట్టేదీ పౌండ్లలోనే. ఈ టాక్స్ ఇయర్ ఏప్రిల్ 5తో అయిపోతుంది, ఐసా ఆ లోపే తెరిచి మొదటి డబ్బు వెయ్యండి. టీవీ కాంట్రాక్ట్ ఏ తేదీతో అయిపోతుందో ఈ రాత్రే చూసి, దానికి నెల రోజుల ముందు క్యాన్సిల్ చెయ్యమని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.