వాడు సరేనన్నాడు గానీ, అద్దె కట్టాల్సింది మీరు

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై సాలిగ్రామంలో మా బావమరిది ఇంట్లో, మేడమీద పోర్షన్‌లో ఉంటున్నాం. నా వ్యాపారం దెబ్బతిన్నాక ఆయనే ఆధారం. మా అబ్బాయికి 12 ఏళ్ళు. టీవీ పాటల పోటీల్లో పేరొచ్చింది. పెళ్ళిళ్ళకీ, సంఘాల ప్రోగ్రాములకీ పిలుస్తున్నారు. ఆ డబ్బుతో ఈ ఏడాది అద్దె టైముకి ఇస్తున్నాం, బావమరిది కూడా మర్యాదగా మాట్లాడుతున్నారు. గొంతు మారితే అంతా పోతుందని టెన్షన్‌గా ఉంది. అది మారకుండా ఆపే ఇంజెక్షన్ ఉందని స్టూడియోలో పరిచయమైన ఒకాయన చెప్పాడు. ఆయనిచ్చిన పొడి ఇప్పటికే పాలల్లో కలిపి ఇస్తున్నాం. అబ్బాయి 'వేయించండి నాన్నా' అంటున్నాడు. రోజూ పొద్దున్నే బాత్రూంలో పైషడ్జం (పై 'స') అందుతోందో లేదో చూసుకుంటున్నాడు. వాడే ఒప్పుకున్నాక తప్పేముంది? చెవులు కుట్టించేటప్పుడు పిల్లల్ని అడుగుతామా?

జవాబు: ముందు ఆ పొడి ఆపండి. మిగిలింది పారేయకుండా, పొట్లంతో సహా పిల్లవాణ్ణి హార్మోన్ల డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళ్ళండి.

ఇక మీ ప్రశ్న. వాడు ఒప్పుకున్నా చెల్లదు. 18 నిండనివాడు సంతకం పెట్టిన ఒప్పందమే మన చట్టంలో చెల్లదు, జన్మంతా మోయాల్సి రాగల మార్పుకి వాడి 'సరే' ఏం చెల్లుతుంది? చెవి కమ్మి తీసేస్తే మెల్లగా పూడుతుంది. ఇది పూడుతుందన్న పూచీ లేదు. ఈడు రాకుండా ఆపే ఇంజెక్షన్లు ఉన్న మాట నిజమే. ఏడెనిమిదేళ్ళకే ఈడొచ్చేస్తున్న పిల్లలకి పరీక్షలు చేసి, కనిపెట్టుకుని ఉండి ఇస్తారు. ఎముకలు గట్టిపడే వయసు, వాటితో ఆటలేంటి?

ఈ పని మీకంటే ముందు ఇటలీలో చేశారు. చర్చిల్లో ఆడవాళ్ళు పాడకూడదన్న రోజుల్లో, పైస్థాయి గొంతు నిలవాలని మగపిల్లలకి ఈడు రాకముందే బీజాలు తీయించేవారు. చేయించినవాళ్ళని వెలివేస్తానన్న చర్చే ఆ పిల్లల్ని పాటకి పెట్టుకునేది. 18వ శతాబ్దంలో కఫరెల్లి అని పెద్ద గాయకుడుండేవాడు. అతనికి పదేళ్ళప్పుడు వాళ్ళ అవ్వ రెండు ద్రాక్షతోటల రాబడి సంగీతం చదువుకి రాసిచ్చింది. కుర్రాడే కోరి చేయించుకుంటున్నాడని ఆ కాగితంలో ఉంది. పదేళ్ళవాడికి ఏం తెలిసి కోరతాడండీ? ఇంట్లోవాళ్ళు దేనికి సంతోషిస్తారో అది తెలుసు, అంతే. కఫరెల్లి బాగా సంపాదించాడు. అతనిలా కోయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది చిన్నాచితకా చర్చిల్లో పాడుకుంటూ బతుకు వెళ్ళదీశారు. 1903లో పోప్ ఆ పైస్థాయి పాటలు మగపిల్లలే పాడాలని ఆదేశించాక గానీ ఆ ముచ్చట ముగియలేదు.

మీ వాడి 'వేయించండి నాన్నా' కూడా ఆ కాగితం లాంటిదే. బాత్రూంలో షడ్జం సంగతి మీకెలా తెలిసింది? తలుపు బయట నిలబడి వింటున్నారన్నమాట. లోపలున్నవాడికి ఆ సంగతి తెలియదనుకుంటున్నారా?

నాకు గుచ్చుకున్నది మాత్రం 'బావమరిది కూడా మర్యాదగా మాట్లాడుతున్నారు' అన్న మాట. ఆ మర్యాద కొనడానికి కొడుకు గొంతు ఖర్చుపెడుతున్నారు మీరు. బావమరిది పంచన ఉండటం తప్పని నేననను. కష్టంలో తోబుట్టువుని ఆదుకోకపోతే ఇంక అన్నదమ్ములెందుకు? కానీ ఆయన ముందు తలెత్తుకోవాలని మీకుంటే మీరు సంపాదించి ఎత్తుకోండి. ఈ విషయంలో నేను పాతకాలం దాన్నే. ఇంటి అద్దె తండ్రి పూచీ. వ్యాపారం పోయిందన్నారు, ఇప్పుడేం చేస్తున్నారో రాయలేదు. వడపళని, పోరూరు వైపు లెక్కలు చూసే మనిషి కావాలనే కొట్లు బోలెడు. నిన్నటి యజమాని ఇవాళ గుమాస్తా అయితే నామోషీ అనుకుంటున్నారేమో. పిల్లాడి సంపాదన తినడం కంటేనా?

గొంతు మారడం రోగం కాదు. స్వరతంత్రులు పెరుగుతాయి, శ్రుతి ఇంచుమించు ఒక స్థాయి, అంటే పై 'స' నుంచి కింది 'స' దాకా, దిగుతుంది. బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ళకే విజయవాడలో కచేరీ చేశారు. మనం ఇన్నేళ్ళూ విన్నది ఆ ఎనిమిదేళ్ళ గొంతునా? గొంతు బొంగురుపోయే రోజుల్లో పైకి లాగించొద్దు. వాళ్ళ గురువుగారితో మాట్లాడి, తగ్గించిన శ్రుతిలో తేలిగ్గా సాధకం చేయించండి. ఆ తర్వాత పాడతాడో, పాట మానేసి కింద పిల్లలతో క్రికెట్టే ఆడుకుంటాడో వాడిష్టం.

'ప్రోగ్రాములు ఆపేస్తున్నాను బావా, అద్దె కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది' అని మీరే వెళ్ళి చెప్పండి. మీ ఆవిడ చేత చెప్పించకండి. ఆయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. అన్నట్టు, ఇంత ఉత్తరంలో ఆవిడ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. పాలల్లో పొడి కలుపుతున్నది ఆవిడే అయితే, ఏమనుకుంటూ కలుపుతోందో ఈ రాత్రే అడగండి.