మూడేళ్ల పిల్లలకు సొంతంగా చేతులు కడుక్కోవడం ఎలా నేర్పాలి?

ముందు చెయ్యి అందేలా చూడండి. పీట ఎక్కి నిలబడితే మోచేతులు సింకు అంచు కంటే పైకి రావాలి. లేకపోతే నీళ్లు చేతుల మీదుగా చొక్కాలోకి కారతాయి, పిల్లలు విసుగొచ్చి దిగిపోతారు. పీట జారకూడదు. కొత్త సబ్బు బిళ్ల చిన్న చేతిలో ఇమడదు, సగానికి కోసి ఇవ్వండి.

అన్నీ ఒకేసారి నేర్పకండి. మొదట చివరి పని, అంటే తుడుచుకోవడం, వాళ్లకు వదిలేయండి. అది వచ్చాక నురగ కడుక్కోవడం, తర్వాత రుద్దుకోవడం, ఇలా వెనక నుంచి ముందుకు రండి. పని పూర్తిచేసింది తామేనన్న సంతోషం ప్రతిసారీ వాళ్లకు దక్కుతుంది. ఈ పద్ధతే నా మొదటి సలహా.

అసలు తప్పు జరిగేది రుద్దే దగ్గర. అరచేతులు ఒక్కసారి రాసుకుని వెంటనే నీళ్ల కింద పెట్టేస్తారు, నురగ రాకముందే సబ్బు కొట్టుకుపోతుంది. అందుకే చేతులు తడిశాక కుళాయి కట్టేయించి, అప్పుడు సబ్బు ఇవ్వండి. 20 సెకన్లు రుద్దాలి. సెకన్లంటే వాళ్లకు తెలియదు కదా, మీరే ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టండి. అరచేతులు, వాటి వెనక వైపు, వేళ్ల సందులు అయ్యాక బొటనవేలిని రెండో చేతి గుప్పిట్లో పట్టి తిప్పాలి, గోళ్ల కొనలను అరచేతిలో గీరాలి. ఎక్కువగా మర్చిపోయేవి ఈ రెండే.

వేడినీళ్లు అక్కర్లేదు. తడి చేతులకు క్రిములు తేలిగ్గా అంటుకుంటాయి కాబట్టి వేళ్ల మధ్య కూడా పొడిగా తుడిపించండి.