లీవు ఎవరిస్తారు, హుకుం ఎవరిస్తారు

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి అందింది. రెండు రాత్రుల్లో చదివేశాను. అమ్మ ఉత్తరం వచ్చిన అధ్యాయం చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. బంకర్లో కిరోసిన్ పొగ, తడిసిన మేజోళ్లు, రాత్రి సెంట్రీ డ్యూటీ కూడా బాగా పట్టావు. కానీ నీ పటాలంలో ఎవరి మాట ఎవరు వినాలో నాకు చివరిదాకా అర్థం కాలేదు. ఒక కల్నల్ వస్తాడు, కనపడ్డవాడినల్లా కసురుతాడు, అందరూ సెల్యూట్ కొట్టి పరుగెడతారు. భుజం మీద ఎవరికి ఎక్కువ బిళ్లలుంటే వాళ్ల మాటే చెల్లుతుందని రాసుకుంటూ పోయావు.

నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. నా మొదటి మిలిటరీ కథ ఒక వారపత్రికలో వచ్చిన పది రోజులకి సికింద్రాబాద్ తిరుమలగిరి నుంచి ఒక రిటైర్డ్ సుబేదార్ గారు కార్డు రాశారు. "మీ మేజర్ గారు పక్క యూనిట్ సిపాయికి లీవు ఇచ్చారు. ఆయనకి ఆ అధికారం ఎవరిచ్చారు?" కార్డులో ఇంకేమీ లేదు. సిగ్గేసింది. అడ్రస్ పట్టుకుని వెళ్లాను. ఆ తర్వాత ఆరేడు ఆదివారాలు ఆయన వరండాలో టీ తాగుతూ విన్నదే ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ముందు చిన్న తప్పులు. "మద్రాస్ రెజిమెంట్ మొత్తం కదిలింది" అని రాశావు. అలా కదలదు. పదాతిదళంలో రెజిమెంట్ అంటే ఇంటిపేరు. వెల్లింగ్టన్‌లో దానికి సెంటర్ ఉంటుంది, కొత్త కుర్రాళ్లకి అక్కడ ట్రైనింగ్ ఇస్తారు, నినాదమూ సంప్రదాయమూ ఒకటే. యుద్ధానికి వెళ్లేది మాత్రం బెటాలియన్. కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్. ఒకే ఇంటిపేరున్న బెటాలియన్లలో ఒకటి రాజస్థాన్ ఇసుకలో ఉంటే ఇంకొకటి సిక్కిం కొండల్లో వేరే బ్రిగేడియర్ కింద ఉండొచ్చు. ఆర్టిలరీలో, అంటే ఫిరంగిదళంలో, ట్యాంకుల్లో మాత్రం రెజిమెంట్ అంటే నిజంగానే బెటాలియన్ స్థాయి యూనిట్. పేరు ఒకటే, అర్థాలు రెండు. నవల రాసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే పడతారు.

ఈ ఇంటిపేరు పుట్టిన ఊరిని బట్టి కూడా రాదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలర్పించిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట మనిషి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆయన నడిపింది 16 బీహార్‌ని, అంటే బీహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ని. ఆ రాత్రి పోరాడినవాళ్లలో 3 మీడియం, 81 ఫీల్డ్ అనే ఆర్టిలరీ రెజిమెంట్ల గన్నర్లు ఉన్నారు, 3 పంజాబ్ జవాన్లూ ఉన్నారు. ఆ రాత్రి పోరాటానికి ఇచ్చిన పతకాల జాబితా ఒకసారి చదువు. ఒకే చోట ఎన్ని యూనిట్ల మనుషులు పక్కపక్కన నిలబడతారో తెలుస్తుంది.

నీ ప్లాటూన్లన్నిటికీ, అంటే బెటాలియన్లోని చిన్న దళాలన్నిటికీ, లెఫ్టినెంట్లనే పెట్టావు. మన సైన్యంలో చాలావరకు ప్లాటూన్ జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) చేతిలో ఉంటుంది, అంటే నాయబ్ సుబేదారో సుబేదారో. ఇరవై మూడేళ్ల లెఫ్టినెంట్‌కి నలభై దాటిన సుబేదార్ సెల్యూట్ చేస్తాడు, "సాబ్" అంటాడు. ఆ లెఫ్టినెంట్ కూడా తిరిగి ఆయన్ని "సాబ్" అనే పిలుస్తాడు. ఆ రెండు సాబ్‌ల మధ్య ఎంత కథ ఉందో చూడు. నువ్వు ఆ పెద్దాయన్ని టీ తెచ్చే పాత్ర చేసిపెట్టావు.

ఇక అసలు సంగతి. ఒక యూనిట్ ఇంకో యూనిట్‌తో కలిసి పనిచేసేటప్పుడు ఆ బంధానికి ఒక పేరుంటుంది, అది ఆర్డర్లో రాసి ఉంటుంది. "అండర్ కమాండ్" అంటే ఆ మనుషులు నీవాళ్లే, ఎక్కడ నిలబెట్టాలో నువ్వే చెబుతావు. "ఇన్ సపోర్ట్" అంటే వాళ్లు నీకోసం పనిచేస్తారు, కానీ నీవాళ్లు కారు. నీకేం కావాలో చెప్పడం వరకే నీ పని. ఎలా చేయాలో వాళ్ల అధికారి చూసుకుంటాడు. నీ ఏడో అధ్యాయంలో పదాతిదళం కల్నల్ ఫోన్ తీసి ఫిరంగి తోపుల్ని రెండు కిలోమీటర్లు ముందుకి జరపమని హుకుం ఇస్తాడు. ఆ తోపులు సపోర్ట్‌లో ఉన్నవైతే ఆయన జరపలేడు. ఆయన పక్కనే ఆర్టిలరీ నుంచి వచ్చిన బ్యాటరీ కమాండర్ ఒక మేజర్ కూర్చుని ఉంటాడు. కల్నల్ "ఆ శిఖరం మీద నాకు ఫైర్ కావాలి" అంటాడు. ఏ తోపులు, ఎక్కడినుంచి, ఎన్ని రౌండ్లు అన్నది ఈ మేజర్ తన వాళ్లతో మాట్లాడతాడు. హోదాలో చిన్నవాడే. అయినా "సార్, ఇప్పుడు కుదరదు, డివిజన్ వేరే చోటికి ఇచ్చింది" అనగలడు. ఆ మాట తర్వాత కల్నల్ మొహం ఎలా మారిందో రాయి. కసురుడు కంటే అది బాగుంటుంది.

బెటాలియన్ డాక్టర్ సంగతీ అంతే. కల్నల్ ఆయనకి బాసే. కానీ ఆయన ఆర్మీ మెడికల్ కోర్ మనిషి, వైద్యం విషయంలో డివిజన్‌లో ఉన్న పెద్ద డాక్టర్‌కి జవాబు చెప్పుకోవాలి. కాలు వాచిన జవాన్‌ని రేపటి దాడికి ఫిట్ అని రాయమంటే ఏం చేస్తాడు? ఇది నీ నవల్లో లేదు, ఉండాలి.

నా సుబేదార్ గారు దీన్నంతా ఒక్క ప్రశ్నలోకి తెచ్చేవారు. ఈ సిపాయి ఎవరి లంగర్లో, అంటే ఎవరి వంటశాలలో, తింటున్నాడు, లీవు ఎవరిస్తున్నారు, హుకుం ఎవరిస్తున్నారు? మూడూ ఒకటే అయితే కథ సులువు. తిండి ఒక చోట, లీవు ఇంకో చోట, హుకుం మూడో చోట ఉన్నవాడు దొరికితే వాణ్ని వదలొద్దనేవారు. ఇప్పటి అస్సాం రైఫిల్స్ చూడు. పరిపాలన హోం శాఖది, యుద్ధపు పని సైన్యం చేతిలో.

ఆ ప్రశ్నకి జవాబు రాత్రికి రాత్రి మారిపోవచ్చు కూడా. 1971 యుద్ధంలో డిసెంబర్ 11న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టంగాయిల్ దగ్గర 2 పారా బెటాలియన్ ఆకాశం నుంచి దిగింది. దాని సొంత బ్రిగేడ్ 50వ పారాచూట్ బ్రిగేడ్. మర్నాడు పూంగ్లీ వంతెన దగ్గర ఉత్తరం నుంచి దూసుకొచ్చిన 95వ మౌంటెన్ బ్రిగేడ్ వాళ్లతో కలిసింది. అక్కడినుంచి ఢాకా దారిలో ఇద్దరినీ నడిపింది ఒకే జనరల్. విమానం ఎక్కేటప్పుడు ఎవరి మనుషులో, రెండు రోజుల తర్వాత ఎవరి మనుషులో నీ పాత్రలకి తెలిసుండాలి.

హుకుం దారి తప్పితే ఏమవుతుందో చూడాలంటే 1962 చైనా యుద్ధం గురించి చదువు. నేను చాలాకాలం చదివాను, ఇప్పటికీ కోపం వస్తుంది. తూర్పున, ఇప్పటి అరుణాచల్‌లో, నాంకా చూ అనే చిన్న వాగు, దాని పక్కన ధోలా పోస్ట్. అక్కడికి పంపిన 7వ బ్రిగేడ్‌కి బ్రిగేడియర్ జాన్ దల్వీ. కింద 2 రాజ్‌పుత్, 9 పంజాబ్, 4 గ్రెనేడియర్స్, 1/9 గూర్ఖా బెటాలియన్లు. పైన 4వ డివిజన్‌కి మేజర్ జనరల్ నిరంజన్ ప్రసాద్, ఆ పైన 33వ కోర్‌కి లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్, ఆ పైన లక్నోలో ఈస్టర్న్ కమాండ్‌కి లెఫ్టినెంట్ జనరల్ ఎల్.పి. సేన్, ఢిల్లీలో సైన్యాధిపతి జనరల్ థాపర్. కాగితం మీద నిచ్చెన చక్కగానే ఉంది. సరుకు లేకుండా, బలగం లేకుండా అక్కడ దాడి కుదరదని ఉమ్రావ్ సింగ్ అన్నారు. నిచ్చెన పనిచేయాల్సిన తీరు అదే, కింద ఉన్న కష్టం పైకి ఎక్కాలి. ఏం చేశారో తెలుసా? ఆ ప్రాంతాన్నే ఆయన చేతిలోంచి తీసేసి, అక్టోబర్ 4న 4వ కోర్ అని కొత్తది పుట్టించి, లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కి ఇచ్చారు.

కౌల్ స్వయంగా ఆ వాగు దాకా వెళ్లారు. ధైర్యం లేదని ఎవరూ అనలేరు. కానీ కోర్ కమాండర్ వాగు ఒడ్డున నిలబడి ఏ బెటాలియన్ ఎటు వెళ్లాలో చెబుతుంటే, మధ్యలో ఉన్న డివిజన్ జనరల్, బ్రిగేడియర్ ఏం చేయాలి? వినాలి. పది మంది నడవాల్సిన దారిలో ఒకరే అడ్డంగా నిలబడినట్టు అయింది. అక్టోబర్ 10న సెంగ్ జాంగ్ దగ్గర 9 పంజాబ్ వాళ్ల మీద చైనా దాడి చేసింది. ఆ తర్వాత కౌల్ ఢిల్లీ వెళ్లారు, యుద్ధం మళ్లీ దల్వీ నెత్తిన పడింది. కొద్దిరోజులకే కౌల్‌కి జబ్బు చేసి మళ్లీ ఢిల్లీ చేరారు, కోర్ బాధ్యత మాత్రం ఆయన మంచం దగ్గరే ఉండిపోయింది. అక్టోబర్ 20 తెల్లవారుజామున చైనా పెద్ద దాడి. కాటన్ బట్టల్లో, తలా యాభై తూటాలతో ఉన్న మనుషులు. కొద్ది గంటల్లో బ్రిగేడ్ చెదిరిపోయింది. దల్వీ 22న పట్టుబడ్డారు.

నీ నవల్లో విలన్ కావాలని ఒక పిరికి మేజర్‌ని సృష్టించావు. అవసరం లేదు. అందరూ మంచివాళ్లే, ధైర్యవంతులే అయినా హుకుం తప్పుదారిలో వస్తే చాలు. ఆ మేజర్‌ని తీసేసి, ఏడో అధ్యాయంలో ఇద్దరు పెద్దల హుకుంల మధ్య ఇరుక్కున్న మంచి మేజర్‌ని పెట్టి మళ్లీ రాసి పంపు.

మీ తాతగారిది మిలిటరీ మాధవరం అని రాశావు కదా. సంక్రాంతికి వెళ్తే అక్కడి పెద్దవాళ్ల దగ్గర కూర్చో. "యుద్ధం గురించి చెప్పండి" అనకు, సినిమా కథ చెబుతారు. "మీ లీవు కాగితం మీద ఎవరి సంతకం ఉండేది" అని అడుగు. నోట్‌బుక్ మాత్రం జేబులోంచి తీయకు. నేను తీసిన రోజు మా సుబేదార్ గారు మాట ఆపేసి, టీ చల్లారిపోతోంది తాగండి అన్నారు.

నీ అన్నయ్య