శాటిలైట్ సిగ్నల్స్ పిచ్చిలో పడ్డాడు, మాన్పించాలా?

గాజువాక నుంచి ఒకమ్మ అడిగారు: "మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ల్యాప్‌టాప్‌కి ఏదో ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో సిగ్నల్స్ పట్టే చిన్న పరికరం) తగిలించి, డాబా మీద యాంటెన్నా పెట్టి రాత్రిళ్లు శాటిలైట్ సిగ్నల్స్ పడుతున్నాడు. జేఈఈ ఏమవుతుందోనని టెన్షన్. మాన్పించమంటారా?"

వద్దమ్మా, మాన్పించకండి. కాలేజీలవాళ్లు, హామ్ రేడియోవాళ్లు (లైసెన్స్ తీసుకుని హాబీగా రేడియో నడిపేవాళ్లు) పంపిన చిన్న శాటిలైట్లు తమ బ్యాటరీ వోల్టేజ్ ఎంతుంది, సోలార్ ప్యానెల్ నుంచి కరెంటు ఎంతొస్తోంది, లోపల ఎంత వేడిగా ఉంది అని రేడియోలో చెబుతూనే ఉంటాయి. ఈ సమాచారాన్నే టెలిమెట్రీ అంటారు. దాన్ని పట్టడానికి ప్రపంచమంతా గ్రౌండ్ స్టేషన్లు పెట్టుకునే స్తోమత వాళ్లకు ఉండదు, అందుకే గాజువాక డాబా మీద పట్టిన డేటా కూడా వాళ్లకు నిజంగా పనికొస్తుంది. మన హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ 2022 నవంబరులో పీఎస్‌ఎల్‌వీ-సీ54లో పంపిన రెండు థైబోల్ట్ శాటిలైట్లూ హామ్ బ్యాండ్‌లో (హామ్‌వాళ్లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో) పనిచేసినవే.

నిద్ర విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అలాంటి శాటిలైట్ మన మీదుగా దాటేది ఒక్కోసారి పది, పన్నెండు నిమిషాలే, ఎప్పుడొస్తుందో జీప్రెడిక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందే తెలిసిపోతుంది. రికార్డింగ్‌కి టైమర్ పెట్టి పడుకోమనండి, డీకోడింగ్ (సిగ్నల్‌ని డేటాగా మార్చడం) ఆదివారం చేసుకుంటాడు.

బాబూ, ఇది నీకు. డీకోడ్ చేసేది సాఫ్ట్‌వేర్, అందులో నీ గొప్ప ఏమీ లేదు. సగం ఫ్రేములు (శాటిలైట్ పంపే డేటా ముక్కలు) ఎందుకు పోయాయో వెతకడమే అసలు పని. శాటిలైట్ యారాడ కొండ వెనక్కి దిగిపోయిందా, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల నాయిసా, సముద్రపు గాలికి కనెక్టర్ తుప్పు పట్టిందా? 437 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ ఫ్రీక్వెన్సీ శాటిలైట్ దగ్గరకొస్తున్నప్పుడు పైకి, దూరమవుతున్నప్పుడు కిందికి దాదాపు 10 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది, శాటిలైట్ వేగం వల్ల వచ్చే ఆ మార్పే డాప్లర్, దాని లెక్క ఒకసారి చేత్తో కట్టి చూడు. సోలార్ కరెంటు సున్నాకి పడితే శాటిలైట్ భూమి నీడలోకి వెళ్లిందా, ప్యానెల్ పోయిందా? ఇవన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. రేపు ఇంటర్వ్యూలో డబ్బు కట్టి తెచ్చుకున్న ఆన్‌లైన్ సర్టిఫికెట్ కంటే ఆ నోట్‌బుక్ గురించే నువ్వు ఎక్కువసేపు మాట్లాడగలవు.

ఇక దారి అంటారా, ఈసీఈ. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని స్పేస్ ఇన్‌స్టిట్యూట్ ఐఐఎస్‌టీలో ఏవియానిక్స్ (విమానాలు, రాకెట్ల ఎలక్ట్రానిక్స్) ఉంది, రాకపోతే కుంగిపోనక్కర్లేదు, ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఈసీఈ ఉంది. ఇస్రో ఇంజనీర్ పోస్టులకు బీటెక్‌లో కనీసం 65 శాతం అడుగుతారు, కాబట్టి హాబీ పేరు చెప్పి మార్కులు వదిలేస్తే కుదరదు. స్పేస్‌లో ఉద్యోగం దొరక్కపోయినా సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లు రాడార్‌కీ కావాలి, టెలికాంకీ కావాలి, చిప్ కంపెనీలకీ కావాలి.

చివరిగా రెండు జాగ్రత్తలు. యాంటెన్నా పట్టుకుని డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, నేవీ స్థలాల దగ్గర తిరగనివ్వకండి, ఇంటి డాబా చాలు. లైసెన్స్ లేకుండా సిగ్నల్ పంపడం అస్సలు వద్దు. హామ్ లైసెన్స్ పరీక్షకు 12 ఏళ్లు నిండితే చాలు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్‌కి మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) కూడా అక్కర్లేదు, ఫస్టియర్ పరీక్షలు అవ్వగానే దానికి అప్లై చేయించండి.