కుక్కపిల్లను తెచ్చుకున్నారా, ముందు మెడలో బిళ్ల సంగతి చూడండి

అమెరికా వచ్చిన మనవాళ్ళలో చాలామంది ఒకటి రెండేళ్ళు కాగానే కుక్కనో పిల్లినో తెచ్చుకుంటున్నారు. పిల్లలు అడుగుతారు, చలికాలంలో ఇల్లు బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, కారణం ఏదైనా నాకు సంతోషమే. తిండి, పరుపు, బొమ్మలు అన్నీ ముందే కొంటారు కానీ లైసెన్సు మాట ఎత్తితే మాత్రం "కుక్కకి లైసెన్సేంటండీ, ఇంట్లోనే ఉంటుందిగా" అంటారు. నేను ముందు న్యూజెర్సీలో ఉండి, తర్వాత సియాటిల్ పక్కకి మారాను, రెండు చోట్లా కుక్కతోనే ఉన్నాం, ఇప్పుడు పిల్లి కూడా ఉంది. మా కుక్క బంటి ఒకసారి తప్పిపోయినప్పుడు ఈ కాగితాల విలువ ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలిసింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదట తెలుసుకోవాల్సింది, దేశం మొత్తానికీ ఒకే పెంపుడు జంతువుల లైసెన్సు అంటూ ఇక్కడ లేదు. రాష్ట్రం చట్టం చేస్తుంది, అమలు కౌంటీదో (మన జిల్లా లాంటిది) సిటీదో టౌన్‌షిప్‌దో అవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు లాగా రాష్ట్రమంతా ఒకే రూలు ఉంటుందనుకుంటే పొరపాటు. న్యూజెర్సీలో కుక్కకి ఏడు నెలలు వచ్చాయంటే ఏటా, చాలా టౌన్లలో జనవరిలో, మీ టౌన్ ఆఫీసుకి వెళ్ళి లైసెన్సు తీసుకోవాలి. పక్కనే పెన్సిల్వేనియాలో మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకీ జనవరి 1 నాటికే ఉండాలి, అక్కడ కౌంటీ ట్రెజరర్ ఆఫీసు ఇస్తుంది, మైక్రోచిప్ ఉంటే జీవితకాలం లైసెన్సు కూడా తీసుకోవచ్చు. న్యూయార్క్ సిటీలో కుక్కకి కావాలి, పిల్లికి అక్కర్లేదు. శాన్ హోసేలో నాలుగు నెలలు దాటిన కుక్కకీ పిల్లికీ రెండిటికీ కావాలి. డాలస్ సిటీ 2017లో ఏటేటా చేసే రిజిస్ట్రేషన్ తీసేసి దాని బదులు మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. టెక్సస్ మొత్తానికీ వర్తించే రూలు మాత్రం రేబిస్ టీకా, కుక్కయినా పిల్లయినా 16 వారాల వయసు వచ్చేలోపు వేయించాలి.

మా వైపు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వాళ్ళందరికీ లైసెన్సు కింగ్ కౌంటీ ఇస్తుంది. సియాటిల్ సిటీలో ఉంటే సిటీ షెల్టర్ (తప్పిపోయిన జంతువుల్ని ఉంచే చోటు) ఇస్తుంది. రెడ్‌మండ్‌కి ఆనుకుని ఉన్న కిర్క్‌లాండ్ 2018 నుంచి కౌంటీతో సంబంధం లేకుండా సొంతంగా చూసుకుంటోంది. అంటే నాలుగు వీధులు అవతలి అపార్ట్‌మెంటుకి మారినా లైసెన్సు ఇచ్చే ఆఫీసు మారిపోవచ్చు. అందుకని ఆఫీసులో తోటివాడు చెప్పాడనో, వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారనో నమ్మకండి, వాళ్ళు నిజమే చెప్పి ఉంటారు, కానీ అది వాళ్ళ ఊరి సంగతి. మీ చిరునామా ఏ సిటీ హద్దులోకి వస్తుందో చూసుకుని, ఆ సిటీ పేరుతో పాటు పెట్ లైసెన్స్ అని వెతికి, ప్రభుత్వం వాళ్ళ పేజీలో ఉన్నదే చదవండి. అర్థం కాకపోతే ఫోన్ చేయండి. ఇలాంటి చిన్న ఆఫీసుల్లో ఫోన్ ఎత్తేవాళ్ళు ఓపిగ్గా చెప్తారు, మన యాస గురించి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

ఇక మనవాళ్ళు ఎక్కువగా తికమకపడే విషయానికి వస్తాను. రేబిస్ బిళ్ల, లైసెన్సు బిళ్ల, మైక్రోచిప్ ఇవి మూడూ వేరు వేరు. టీకా వేసినప్పుడు వెట్, అంటే పశువుల డాక్టరు, ఒక చిన్న లోహపు బిళ్ల ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. అది టీకా వేయించారనడానికి గుర్తు, అంతే. చాలామంది అది కాలర్‌కి తగిలించి లైసెన్సు అయిపోయిందనుకుంటారు. లైసెన్సుకి విడిగా దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టాలి, అప్పుడు కౌంటీ నుంచో సిటీ నుంచో ఇంకో బిళ్ల వస్తుంది. దాని మీద నంబరుతో వాళ్ళు మీ పేరూ ఫోన్ నంబరూ తీయగలరు. కొన్ని చోట్ల వెట్ ఆఫీసులోనే లైసెన్సు కూడా అమ్ముతారు, కొన్ని చోట్ల టీకా వివరాలు వెట్ నుంచి కౌంటీకి వాటంతట అవే వెళ్ళి మీకు ఇంటికి బిల్లు వస్తుంది. అలా వస్తే మోసమనుకుని పారేయకండి, ముందు కౌంటీకి ఫోన్ చేసి కనుక్కోండి.

మైక్రోచిప్ సంగతి మరీ ముఖ్యం. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. చాలామంది అనుకుంటున్నట్టు అది జీపీఎస్ కాదు, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ పెడితే ఒక నంబరు చూపిస్తుంది. ఆ నంబరు పక్కన మీ పేరు రాసి ఉండాలంటే చిప్ కంపెనీ దగ్గర మీరు రిజిస్టర్ చేసుకుని ఉండాలి, ఫోన్ నంబరు మారినప్పుడల్లా అక్కడ మార్చాలి. షెల్టర్ నుంచి దత్తత తెచ్చుకున్న కుక్కకి చిప్ ఎలాగూ ఉంటుందిలే అని వదిలేస్తే, పాత యజమాని పేరే ఉండిపోవచ్చు.

మాకు జరిగింది చెప్తాను. న్యూజెర్సీ నుంచి ఇటు మారిన మొదటి ఏడాది, జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు సాయంత్రం బంటికి స్నానం చేయించి, కాలర్ తడిసిందని తీసి ఆరబెట్టాం. చీకటి పడగానే బాణసంచా మొదలైంది. గరాజ్ తలుపు సగం తెరిచి ఉంది, ఆ శబ్దానికి వాడు బెదిరి దూసుకుపోయాడు. మా ఆవిడ చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తింది. రాత్రి రెండు దాకా కారేసుకుని తిరిగాం, పిల్లలు వెనక సీట్లో కిటికీలు దించి పిలుస్తూనే ఉన్నారు. లైసెన్సు బిళ్ల కాలర్‌కే ఉంది, కాలరేమో బాత్రూమ్‌లో ఉంది. వాణ్ణి ఎవరో మంచివాళ్ళు పట్టుకుని మర్నాడు ఉదయమే ఒక షెల్టర్‌లో అప్పగించారట, వాళ్ళు చిప్ స్కాన్ చేసి అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశారట, అది మేము న్యూజెర్సీలో వదిలేసి వచ్చిన పాత నంబరు. మేము ఫోటో పట్టుకుని ఒక్కో షెల్టర్‌కీ తిరుగుతూ మూడో రోజు అక్కడికి చేరాం. తప్పు మాదే, చిప్ వివరాలు మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆ మూడు రోజులు మా చిన్నది సరిగ్గా అన్నం తినలేదు.

షెల్టర్‌లో ఎవరూ రాని కుక్కని కొద్ది రోజులే ఉంచుతారు. గడువు రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి ఉంటుంది, అది దాటితే వేరేవాళ్ళకి దత్తత ఇచ్చేయవచ్చు, చోటు లేకపోతే ఇంకా దారుణం కూడా జరగవచ్చు. ఏటా జూలై 4 తర్వాత షెల్టర్లన్నీ నిండిపోతాయి. లైసెన్సు ఉంటే మా కౌంటీలో దొరికిన కుక్కని మొదటిసారి తిన్నగా ఇంటికే తెచ్చి దింపుతారు, పైసా తీసుకోరు. ఆ ఒక్క సౌకర్యం కోసమైనా ఫీజు కట్టవచ్చు.

ఫీజు అంటే భయపడాల్సినంత ఏమీ ఉండదు. న్యూయార్క్ సిటీలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకి ఏడాదికి 8.50 డాలర్లు, కాకపోతే 34 డాలర్లు. ఈ తేడా దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే ఆపరేషన్ అయినవాటికి సగం కంటే ఎక్కువ తీసుకోకూడదని చట్టమే ఉంది. కాబట్టి ఆపరేషన్ చేయించిన సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి, అది చూపించకపోతే ఎక్కువ ఫీజు పడుతుంది. దరఖాస్తుకి మామూలుగా అడిగేవి రేబిస్ టీకా సర్టిఫికెట్, ఈ ఆపరేషన్ కాగితం, చిప్ నంబరు. బిళ్ల మీది నంబరు చాలదు, వెట్ సంతకం ఉన్న సర్టిఫికెట్ కావాలి.

టీకా తేదీ విషయంలో న్యూజెర్సీవాళ్ళు ఒకటి గమనించాలి. లైసెన్సు ఇచ్చే ఏడాదిలో కనీసం పది నెలలు టీకా చెల్లుబాటులో ఉండాలి, అంటే ఆగస్టులో గడువు తీరిపోయే టీకాతో జనవరిలో వెళ్తే వెనక్కి పంపేస్తారు. ఇంకా బాగానే ఉందిగా అని మీరు వాదించినా లాభం లేదు, మళ్ళీ వేయించుకుని రమ్మంటారు. చాలా టౌన్లు చలికాలంలో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తాయి, ఫైర్ స్టేషన్లోనో పబ్లిక్ వర్క్స్ గరాజ్‌లోనో లైను ఉంటుంది, తేదీలు కనుక్కుని వెళ్ళండి. మొదటిసారి వేసే రేబిస్ టీకా ఏడాదికే చెల్లుతుంది, తర్వాతి నుంచే మూడేళ్ళ టీకా లెక్కలోకి వస్తుంది.

రేబిస్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ దేశంలో కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ రకం పోయిందని 2007లోనే ప్రకటించారు, కానీ రకూన్లు, స్కంకులు, నక్కలు, గబ్బిలాల్లో జబ్బు ఇంకా ఉంది. ఇవన్నీ మన పెరట్లోకి వచ్చేవే. టీకా గడువులో ఉన్న కుక్కని రేబిస్ ఉన్న జంతువు కరిస్తే వెంటనే బూస్టర్ వేసి 45 రోజులు ఇంట్లోనే గమనిస్తారు. అసలు టీకా లేని కుక్కయితే చంపేయమంటారు, లేదంటే నాలుగు నెలలు మనుషులకీ జంతువులకీ దూరంగా బంధించి ఉంచాలి, ఆ ఖర్చూ మీదే. మీ కుక్కే ఎవరినైనా కరిస్తే, టీకా ఉన్నా లేకపోయినా పది రోజులు కట్టడి తప్పదు. అయితే కాగితాలు సరిగ్గా ఉంటే చాలా చోట్ల ఆ పది రోజులూ ఇంట్లోనే ఉంచుకోనిస్తారు, లేకపోతే షెల్టర్‌కి తీసుకుపోతారు. పక్కింటి పిల్లాడి చేతి మీద చిన్న గీత పడినా ఈ కథంతా మొదలవుతుంది.

పిల్లులున్నవాళ్ళు మాకెందుకులే అనుకోకండి. కింగ్ కౌంటీలో గడప దాటని పిల్లికి కూడా లైసెన్సు ఉండాలి, ఎనిమిది వారాల వయసు నుంచే. సామాను మార్చేవాళ్ళు తలుపు తెరిచి పెట్టినప్పుడు జారుకునేది పిల్లే, పైగా తప్పిపోయిన పిల్లిని చూసినవాళ్ళు వీధి పిల్లేమో అనుకుని పట్టించుకోరు. గట్టిగా లాగితే ఊడిపోయే కాలర్లు పిల్లుల కోసం దొరుకుతాయి, అదే వాడండి, మామూలు కాలర్ కొమ్మకి తగులుకుంటే ఉరి పడుతుంది. చిప్ మాత్రం తప్పకుండా పెట్టించండి.

అపార్ట్‌మెంట్ సంగతి ప్రభుత్వ రూలుకి సంబంధం లేనిది, కానీ కొత్తవాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. లీజులో పెట్ క్లాజు చదవకుండా కుక్కని తేవద్దు. డిపాజిట్ ఉంటుంది, నెలనెలా పెట్ రెంట్ ఉంటుంది, కొన్ని జాతుల్ని అసలు ఒప్పుకోరు, కొన్ని చోట్ల బరువు పరిమితి ఉంటుంది. లైసెన్సు కాపీ అడిగేవాళ్ళూ ఉన్నారు. సిటీ ఒక్కో ఇంటికి ఇన్ని జంతువులే అని పరిమితి పెట్టవచ్చు, కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్ఓఏ) అంతకన్నా తక్కువ పెట్టవచ్చు. దాచిపెట్టి పెంచితే మొరుగు ఒక్కటి చాలు, నోటీసు వస్తుంది.

ఇండియా నుంచి మీ కుక్కని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు కనీసం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రూళ్ళు మారాయి. కుక్కకి ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి. ఇండియా రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి అక్కడ టీకా వేయించిన కుక్కకి ప్రభుత్వ వెట్ ధ్రువీకరించిన ఫారం, సీడీసీ ఒప్పుకున్న ల్యాబ్ నుంచి రక్తపరీక్ష రిపోర్టు కావాలి, పరీక్ష రిపోర్టు లేకపోతే 28 రోజులు క్వారంటైన్. దిగేది కూడా ఏ విమానాశ్రయంలో పడితే అక్కడ కుదరదు, వాళ్ళ దగ్గర నమోదైన జంతు కేంద్రం ఉన్నచోటే దిగాలి, జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్ డీసీ దగ్గరి డల్లస్ లాంటివి, అక్కడ ముందే బుక్ చేసుకోవాలి. చిప్ పెట్టించాకే టీకా వేయించండి, ముందు టీకా వేసి తర్వాత చిప్ పెడితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. ఇక్కడి కుక్కని ఇండియా తీసుకెళ్ళి వెనక్కి తేవాలనుకుంటే, ఇక్కడ టీకా వేయించినట్టు ధ్రువపత్రం మీద అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ ఆమోదం బయల్దేరకముందే తీసుకోవాలి, వెళ్ళాక అక్కడి నుంచి కుదరదు. పిల్లులకి సీడీసీ ఇంత అడగదు, ఆరోగ్యంగా కనిపిస్తే చాలు, రాష్ట్రం రూలూ విమానం వాళ్ళ రూలూ విడిగా చూసుకోండి.

చివరగా, సెలవుల్లో ఇండియా వెళ్తూ కుక్కని స్నేహితుల ఇంట్లో వదిలేవాళ్ళకి. మీరు విమానంలో ఉండగా అది పారిపోతే షెల్టర్ ఫోన్ చేసేది మీ నంబరుకే, అదేమో స్విచాఫ్. కాబట్టి చిప్ ఖాతాలో రెండో నంబరుగా ఆ స్నేహితుడి నంబరు చేర్చండి, లైసెన్సు దరఖాస్తులో అదనపు నంబరుకి చోటుంటే అక్కడా ఇవ్వండి, మీ వెట్‌కి ఫోన్ చేసి మీరు లేనప్పుడు వైద్యం గురించి నిర్ణయం ఎవరిదో రాయించండి, టీకా సర్టిఫికెట్ ఫోటో వాళ్ళ ఫోన్లో ఉంచండి. ఆ నెలల్లోనే లైసెన్సు గడువు తీరిపోతుంటే వెళ్ళేముందే రెన్యూ చేసి, కొత్త బిళ్ల కాలర్‌కి మీ చేత్తోనే తగిలించి వెళ్ళండి.